మిడ్‌నైట్ సన్ కొనాలా, చెల్లెకు ఇవ్వచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు ఒక్క ప్రశ్న అన్నావు కానీ అందులో మూడున్నాయి. నెత్తురు తాగే వాంపైర్ అబ్బాయి ప్రేమకథ ట్వైలైట్ సిరీస్‌లో మొదటి మూడు పుస్తకాలు చదివావు, నాలుగోది సినిమాలో చూసి సరిపెట్టుకున్నావు, ఇప్పుడు మిడ్‌నైట్ సన్ కొనాలా వద్దా అన్నది ఒకటి. ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ సగంలో ఆగిపోయింది, పుస్తకం అంతేనా అన్నది రెండోది. తొమ్మిదో తరగతి చదివే మీ చెల్లె నీకంటే ముందు తనే చదువుతానని లొల్లి చేస్తోంది, ఇవ్వచ్చా అన్నది మూడోది. హన్మకొండలో ఒక హైస్కూల్ లైబ్రరీ చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నా కాబట్టి ఈ సిరీస్ ఎవరెవరి చేతుల్లోకి వెళ్లి ఏ అవతారంలో తిరిగొస్తుందో నాకు బాగా తెలుసు. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపికగా చదువు.

ముందు పీడీఎఫ్ సంగతి తేల్చేద్దాం. అది 12వ అధ్యాయం దగ్గర ఆగిపోతోంది కదా? అయితే నీ దగ్గరున్నది అసలు పుస్తకం కాదు, పాత చిత్తుప్రతి. 2008లో రచయిత్రి స్టెఫెనీ మేయర్ ఇది రాస్తుండగానే ఆ ప్రతి ఆమెకు తెలియకుండా బయటికి పోయి ఇంటర్నెట్ అంతా తిరిగింది. ఆమె మనసు విరిగిపోయి, దొంగచాటుగా చదవడం దేనికని ఉన్నంతవరకు తనే వెబ్‌సైట్‌లో పెట్టేసి, ఇక ఇప్పట్లో దీన్ని ముట్టుకోనని చెప్పేసింది. పుస్తకం నిజంగా వచ్చింది 2020 ఆగస్టు 4న, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆ చిత్తుప్రతి మాత్రం ఇప్పటికీ ఫోన్ల మీద ఫోన్లు మారుతూనే ఉంది, చాలామంది అదే చదివి "ఇదేంటి, మధ్యలో ఆపేసింది" అని ఆమెనే తిట్టుకుంటున్నారు. అచ్చయిన దాంట్లో 29 అధ్యాయాలు, ఆపైన ఒక చివరిమాట ఉన్నాయి. ఆ వాంపైర్ అబ్బాయి ఎడ్వర్డ్, మామూలు అమ్మాయి బెల్లా ఇద్దరే అడవిలోని పచ్చికకు వెళ్లే ఘట్టం, ఎండలో అతని ఒళ్లు మెరవడం, బేస్‌బాల్ ఆట, జేమ్స్ అనే ఇంకో వాంపైర్ బెల్లా వెంటపడటం, ఫీనిక్స్‌లో జరిగేదంతా ఆ పన్నెండు అధ్యాయాల తర్వాతే వస్తాయి. అంటే కథ ఊపందుకునే భాగం నువ్వింకా చూడనే లేదు.

ఇక అసలు విషయం. దీన్ని అందరూ ఐదో భాగం అంటారు కానీ నాలుగోది, బ్రేకింగ్ డాన్, తర్వాత ఏమైందో తెలుస్తుందని కొంటే డబ్బులు దండగ. ఇది మొదటి పుస్తకం కథే. 2005లో వచ్చిన ట్వైలైట్‌లో బెల్లా కళ్లతో చూసిందాన్నే ఈసారి ఎడ్వర్డ్ చెప్తాడు. అవే రోజులు, అదే స్కూలు, చాలాచోట్ల మాటకు మాట అవే సంభాషణలు. అది తెలియక కొన్న మా పిల్లలు కొందరు యాభై పేజీలకే తెచ్చి బల్ల మీద పడేశారు, "ఇది చదివిందే కదా మేడమ్" అని. వాళ్లనీ తప్పుపట్టలేం. మొదటిది 500 పేజీల లోపు, ఇది 650 దాటింది, కథ మాత్రం ఒక్కటే.

మరి ఆ అదనపు పేజీల్లో ఏముందంటే, ఆ అబ్బాయి బుర్ర ఉంది. అదే ఈ పుస్తకానికి బలం, అదే దీని రోగం కూడా.

బయాలజీ క్లాసు సీన్ నీకు గుర్తుండే ఉంటుంది. బెల్లా కొత్తగా వచ్చి అతని పక్కన కూర్చుంటుంది, అతను ఏదో వాసన భరించలేనట్టు ముఖం తిప్పుకుని, బెంచీ అంచుకు జరిగి, పిడికిలి బిగించి కూర్చుంటాడు, బెల్ కొట్టగానే లేచి పోతాడు. మొదటి పుస్తకంలో ఆ అమ్మాయికి అర్థమైంది ఇంతే, నా మీద వీడికేం కోపం అని. సినిమాలో అయితే జనం నవ్వుకున్నారు కూడా. ఇప్పుడు అదే గంట ఇటువైపు నుంచి చూడు. గదిలో వేడిగాలి వచ్చే గొట్టం ఉంది, ఆమె ఆ గాలి దారిలోకి అడుగుపెట్టగానే ఆ నెత్తురు వాసన నేరుగా వచ్చి వీడికి తగులుతుంది. అక్కడి నుంచి పేజీల తరబడి వీడు చేసే పని ఒక్కటే, లెక్క. ఆమెను చంపితే క్లాసులో ఎంతమంది చూస్తారు, చూసినవాళ్లను ఏ వరసలో ముగించాలి, కిటికీలోంచి ఎవరైనా దూకే వీలుందా, టీచర్‌ను ఎప్పుడు, కేకలు బయటికి వినపడే లోపు పని అవుతుందా. లేదంటే క్లాసు అయ్యేదాకా ఆగి, ఆమెకు దారి చూపిస్తున్నట్టు నటిస్తూ అడవి వైపు తీసుకెళ్తే సరిపోతుందా. ఆ తర్వాత ఆఫీసు గదిలో టైమ్‌టేబుల్ మార్చమని బతిమాలుతున్నప్పుడు కూడా, కౌంటర్ వెనక కూర్చున్న పెద్దావిడతో సహా లెక్కేస్తూనే ఉంటాడు. మొదటి పుస్తకం చదివి వీడి పేరు నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్న పిల్లలకు ఇది చదివినప్పుడు ఒక్క నిమిషం ఊపిరాడదు. సిరీస్ మొత్తంలో నిజంగా భయమేసే భాగం ఇదేనని నా అభిప్రాయం. ఎవరికీ ఏమీ కాదు, ఒక్క చుక్క నెత్తురు కూడా కారదు.

ఇంకోటి చెప్తా, కిటికీ సంగతి. బెల్లా నిద్రపోతుంటే వీడు రాత్రిళ్లు ఆమె గదిలోకి వచ్చి కూర్చుంటాడని మొదటి పుస్తకంలో తర్వాతెప్పుడో బయటపడుతుంది. అప్పుడది ప్రేమలా కనిపించింది, అలా కనిపించేలాగే రాశారు. ఇందులో ఆ మొదటి రాత్రి ఉంది. చాలాకాలంగా తెరవని కిటికీ, జరుపుతుంటే ఇనుప ఫ్రేము కిర్రుమంటుంది. వీడు భయపడి ఆగుతాడు, ఈసారి వచ్చేటప్పటికి ఈ చప్పుడుకేదో ఉపాయం చూడాలి అనుకుంటాడు. అనుకున్న మరుక్షణమే ఉలిక్కిపడతాడు, ఈసారేంటి, మళ్లీ వస్తానా నేను అని. తన మీద తనకే అసహ్యం వేస్తుంది. అయినా వెళ్లిపోడు, మళ్లీ మళ్లీ వస్తాడు. తప్పని తెలుసు, చేస్తూనే ఉంటాడు, చేస్తున్నదానికి రోజుకో కొత్త సాకు వెతుక్కుంటాడు. ఆమెను కాపాడటానికి, ఆమెకు ఏమీ కాకుండా చూడటానికి, ఆమె మంచి కోసమే. ఈ "నీ మంచి కోసమే" అన్నమాట మన ఇళ్లల్లో అన్నలు, నాన్నలు, ప్రేమిస్తున్నానని వెంటపడే అబ్బాయిలు ఎన్నిసార్లు అంటారో నేను వేరే చెప్పక్కర్లేదు. మూడో పుస్తకంలో బెల్లా తన స్నేహితుడు జేకబ్ దగ్గరికి వెళ్లకుండా ఆమె బండి ఇంజన్‌లోంచి ముక్క పీకేసింది కూడా వీడే, గుర్తుందిగా. దానికి వేరు ఎక్కడుందో ఈ పుస్తకం చూపిస్తుంది. రచయిత్రి వీడిని దుర్మార్గుడిగా చూపించాలని రాయలేదు, వీడంటే ఆమెకు బోలెడంత ఇష్టం. కానీ మనిషి లోపలిదంతా బయట పెట్టాక చదివేవాళ్లు చూడాల్సింది చూస్తారు కదా. నా దృష్టిలో ఈ పుస్తకం కొనడానికి అసలు కారణం ఇదే.

మొదటి పుస్తకంలో ఖాళీలుగా వదిలేసినవి కూడా చాలావరకు ఇందులో నిండుతాయి. ఆ క్లాసు తర్వాత వీడు వారం రోజులు స్కూలుకు రాడే, ఎక్కడికి పోయాడంటే అలాస్కాలో డెనాలి వైపు ఉండే బంధువుల దగ్గరికి పారిపోయాడు. స్కూల్లో బెల్లా మీదికొచ్చిన వ్యాన్‌ను వీడు చేత్తో ఆపేశాక, వీడుండే వాంపైర్ల ఇంట్లో పెద్ద గొడవే జరుగుతుంది, ఆమె బతికుంటే మన గుట్టు బయటపడుతుందని. ముందు జరిగేది చూడగల ఆ ఇంటి పిల్ల ఆలిస్‌కు అప్పుడే రెండు భవిష్యత్తులు కనిపిస్తాయి, ఒకదాంట్లో బెల్లా శవం, రెండోదాంట్లో బెల్లా కూడా వాళ్లలో ఒకతె. మూడో దారి వెతుకుతానని వీడు మిగతా పుస్తకమంతా కొట్టుకుంటాడు. చివర్లో ఫీనిక్స్‌లో కారులో దూసుకెళ్లే అధ్యాయం సినిమాలా పరుగెడుతుంది. బెల్లా హోటల్ మెట్ల మీద నుంచి పడి కిటికీ అద్దం పగలగొట్టుకుందని వాళ్లమ్మానాన్నలకు చెప్పిన అబద్ధం ఉంది చూడు, దాన్ని నిజంలా అమర్చడానికి వాళ్లు పడ్డ పాట్లు చదువుతుంటే నవ్వొస్తుంది కూడా.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఎవరూ పట్టించుకోని చిన్న ముక్క. ఎడ్వర్డ్‌కు బెల్లా మనసు తప్ప అందరి మనసులూ వినిపిస్తాయి. క్యాంటీన్‌లో కూర్చుంటే చాలు, జెస్సికా ఏడుపు, మైక్ పగటి కలలు, ఎవరి లోకం వాళ్లది. ఆ రొదలో ఏంజెలా అనే అమ్మాయి మనసు ఒక్కటే ఏ కుళ్లూ లేకుండా ఉంటుంది. ఆమెకు బెన్ అనే అబ్బాయంటే ఇష్టం, వాడికీ ఇష్టమే, కానీ వాడు పొట్టి, ఆమె పొడుగు, అడగడానికి జంకుతుంటాడు. ఎడ్వర్డ్ వాళ్లన్న ఎమెట్‌ను పక్కన పెట్టుకుని, బెన్‌కు వినపడేలా, ఏంజెలాను నేనే బయటికి తీసుకెళ్దామనుకుంటున్నా అన్నట్టు నాటకమాడతాడు. దెబ్బకు బెన్ గాడికి పౌరుషం వచ్చేస్తుంది. రెండు మూడు పేజీలే, కానీ మొత్తంలో వీడు మనిషిలా కనిపించేది అక్కడే.

బాలేనివి కూడా చెప్పాలిగా. నడుమ వంద పేజీలు తీసేసినా కథకు నష్టం లేదు. నేను పాపిని, నేను రాక్షసుణ్ని, ఆమెకు నేను తగను, వెళ్లిపోవాలి, వెళ్లలేను, ఇదే పాట తిప్పి తిప్పి పాడతాడు. 1918లో చికాగోలో స్పానిష్ ఫ్లూతో చావబోతుంటే ఆ ఇంటి పెద్ద కార్లైల్ వీడిని ఇలా వాంపైర్‌గా మార్చాడు, అంటే వయసు నూరు దాటింది, అయినా బుర్ర మాత్రం ఆ పదిహేడు దగ్గరే ఆగినట్టుంది. పాత వారపత్రిక సీరియల్‌లో వారం వారం హీరోయిన్ మెట్లు దిగుతూనే ఉండేది చూడు, కొన్ని అధ్యాయాలు సరిగ్గా అలాగే నడుస్తాయి. అక్కడ పేజీలు దాటేసినా పాపం రాదు. అట్ట మీద కోసిన దానిమ్మ పండు ఉంటుంది, దాని గురించి మాత్రం కొంచెం తెలుసుకుని చదువు. గ్రీకు పురాణంలో పాతాళలోకపు రాజు హేడీస్ పెర్సెఫొనీ అనే పిల్లను ఎత్తుకెళ్తాడు, అక్కడ నాలుగు దానిమ్మ గింజలు తిన్నందుకు ఆమె ఏటా కొన్ని నెలలు ఆ చీకట్లోనే ఉండాల్సి వస్తుంది. ఎడ్వర్డ్ తనను ఆ పాతాళపు రాజుతో పోల్చుకుంటాడు. మొదటి పుస్తకం అట్ట మీది ఆపిల్ పండుకు ఇది జోడీ అన్నమాట.

ఇక మీ చెల్లె. ఇక్కడే నాకూ తల్లిదండ్రులకూ ఎప్పుడూ పేచీ వస్తుంది. "దయ్యాల పుస్తకాలట, రక్తం తాగుతారట, పిల్ల రాత్రిళ్లు జడుసుకుంటుంది" అని వస్తారు. బేతాళ కథలు, కొరివి దయ్యాలు, మోహినీ పిశాచాలు వింటూ పెరిగిన మన పిల్లలు ఎండలో మెరిసే వాంపైర్‌కు జడుసుకుంటారా! ఈ వాంపైర్లు ఫోర్క్స్ అనే అమెరికా ఊళ్లో ఉండటానికి కారణమే అక్కడ ఎప్పుడూ మబ్బు, వాన. అదే రామగుండానికి మకాం మారిస్తే ఏడాదిలో ఏ ముసురు రోజుల్లోనో తప్ప గడప దాటలేరు. రక్తం గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. మిడ్‌నైట్ సన్‌లో ముద్దుల వరకే ఉంటుంది, హింస చివర్లో కొంత. తొమ్మిదో తరగతి పిల్ల చదవచ్చు. అయితే ఒక షరతు, మొదటి పుస్తకం చదివాకే. కుదిరితే ఆ బయాలజీ క్లాసు, ఆ కిటికీ రాత్రి, పోర్ట్ ఏంజెలస్ ఊళ్లో వీడు బెల్లాను కాపాడే రాత్రి, ఈ మూడూ రెండు పుస్తకాల్లోంచి పక్కపక్కన పెట్టుకుని చదవమను. మా దగ్గర కొందరు ఆడపిల్లలు అలాగే చదివి, వీడు ప్రేమించాడా, కాపలా కాశాడా అని లంచ్ టైమ్ అంతా కొట్టుకున్నారు. నేను మధ్యలో వేలు పెట్టలేదు. నువ్వు కూడా పెట్టకు. ఆ పాఠం నువ్వు చెప్తే అది మళ్లీ "నీ మంచి కోసమే" అవుతుంది. కావాలంటే నువ్వు కూడా చదివి, నీకేమనిపించిందో చెప్పు.

ఇప్పుడే ఇవ్వొద్దు అని నేను చెప్పేది నాలుగోదాని గురించి, బ్రేకింగ్ డాన్. సినిమాలో చూశావు కాబట్టి తెలుసనుకుంటున్నావేమో, పుస్తకం వేరు. పద్దెనిమిదేళ్లకే పెళ్లి, దీవిలో హనీమూన్, ఒంటి నిండా కమిలిన గాయాలు, కడుపులో బిడ్డ తల్లి ఎముకలు విరగ్గొట్టడం, ఆ కాన్పు. పైగా పుట్టిన పాపతోనే జేకబ్‌కు విడదీయరాని బంధం పడటం, దాన్ని చదివి పెద్దవాళ్లు కూడా ముఖం చిట్లించారు. 2008లో అమెరికాలో మొదటి రోజే 13 లక్షల కాపీలు అమ్ముడుపోయిన పుస్తకం అది, మొదటి రోజే అంత లొల్లి కూడా. నా వరకు ఇంటర్‌కు వచ్చాక ఇస్తే చాలు. మంచు మీద చివరి యుద్ధం కోసమే నువ్వు చదవాలనుకుంటే నిరాశ తప్పదు. సినిమాలో తలలు తెగిపడి, తర్వాత అదంతా ఆలిస్ చూపించిన భవిష్యత్తే అని తేలుస్తారు కదా, పుస్తకంలో ఆ కొట్లాటే లేదు. నిలబడి మాట్లాడుకుని, బెల్లా తన శక్తిని కవచంలా అందరి చుట్టూ పరచి, ఎవరి దారిన వాళ్లు పోతారు. అయినా మధ్యలో జేకబ్ చెప్పే భాగం కోసం నువ్వు మాత్రం చదువు, సిరీస్ మొత్తంలో కాస్త హాస్యం ఉన్న గొంతు వాడిదే.

ఇంగ్లీష్ కష్టమా అన్న అనుమానం కూడా నీకు రావచ్చు. తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చినవాళ్లకు మొదటి పుస్తకం తేలిక, ఇది కొంచెం బరువు, ఎందుకంటే మాటల కంటే ఆలోచనలు ఎక్కువ. ఒక్క చిట్కా తెలిస్తే సగం ఇబ్బంది పోతుంది. వాలు అక్షరాల్లో ఉన్నవి చాలావరకు పైకి అన్న మాటలు కావు, పక్కవాళ్ల మనసులో మాటలు, వీడికి వినిపిస్తున్నవి. ఇది పట్టుకోక చాలామంది ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియక పరేషాన్ అవుతారు. ఆలిస్‌తో వీడు "మాట్లాడే" చోట ఇది మరీ ముఖ్యం. ఆమె పెదవి కదపదు, మనసులోనే అడుగుతుంది, వీడు తల ఊపి జవాబిస్తాడు.

నడుమ వచ్చిన మిగతా రెండూ చదవాలా అంటే, 2010లో వచ్చిన బ్రీ టానర్ కథ చిన్నది, మూడో పుస్తకంలో చనిపోయే కొత్త వాంపైర్ పిల్ల కథ, ఒక ఆదివారం పూట అయిపోతుంది, చదువు. 2015లో వచ్చిన లైఫ్ అండ్ డెత్‌లో అమ్మాయిని అబ్బాయిని, అబ్బాయిని అమ్మాయిని చేసి మొదటి కథే మళ్లీ చెప్పారు. అదీ ఇదీ రెండూ కొనేంత డబ్బుంటే తప్ప దాని జోలికి పోకు. మిడ్‌నైట్ సన్ సినిమాగా రాలేదు, 2024లో నెట్‌ఫ్లిక్స్ యానిమేషన్ సిరీస్‌గా తీస్తామని ప్రకటించింది. అది వచ్చేదాకా ఆగుదాం అనుకోకు, ఈ పుస్తకంలో ఉన్నదంతా తలలోపలి గోల, తెర మీద అది ఎంత నిలుస్తుందో నాకు అనుమానమే.

కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికే కాపీల్లో దొంగ ప్రింట్లు చాలా ఉంటాయి, పల్చటి కాగితం, వెనక అక్షరాలు ముందుకు కనిపిస్తుంటాయి, మధ్యలో పదహారేసి పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. ఇంత లావు పుస్తకంలో అది ఇంటికొచ్చి చదివితే కానీ తెలియదు. షాపులో నిలబడే విషయసూచిక తీసి 29 అధ్యాయాలున్నాయా చూసుకో, తర్వాత నడుమ రెండు మూడు చోట్ల పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా చూసుకో. హైదరాబాద్ వెళ్లే పనుంటే ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద అసలు ప్రింటే పాతది దొరికే అవకాశం ఉంది, బేరమాడు. దొరక్కపోతే మీ కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాల కోసం అడిగే రిజిస్టర్ ఉంటుంది, అందులో రాసి సంతకం పెట్టు, నీతోపాటు ఇంకో నలుగురితో కూడా రాయించు. ఒక్కడు అడిగితే పక్కన పెడతాం, ఐదుగురు అడిగితే లిస్టులో రాస్తాం, మా పని అలాగే నడుస్తుంది.